చక్రమా, చుక్కలా?

ఎయిర్ రైఫిల్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది ఒలింపిక్స్. 2012 లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పోటీ అది. అందులో లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది, ఎప్పుడూ అంతే దూరంలో ఉంటుంది. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. గురి నిలపడం మహా కష్టం గానీ, లక్ష్యం ఎంత దూరంలో ఉందన్న బెంగ మాత్రం లేదు. టెలిస్కోపు (స్కోపు) బిగించుకోవడానికి నియమాలు ఒప్పుకోవు, దాని అవసరమూ లేదు.

ఆ బెంగ చుట్టూనే తిరిగే ఆటలు ఇంగ్లండ్‌లో రెండున్నాయి. మొదటిది ఫీల్డ్ టార్గెట్. 1980లో ససెక్స్ ప్రాంతంలోని మాగమ్ డౌన్‌లో మొదలైంది. కాకి, ఎలుక, కుందేలు ఆకారాల్లో కోసిన ఇనప పలకలను చెట్ల మధ్య, గడ్డిలో పెడతారు. పలకలో గుండ్రటి రంధ్రం, దాని వెనక ఒక తెడ్డు. పెల్లెట్ రంధ్రంలోంచి దూరి తెడ్డును తాకితే పలక వెనక్కి పడిపోతుంది. దూరం 8 గజాల నుంచి 55 గజాల దాకా ఎంతైనా కావచ్చు. ఎంతో ఎవరూ చెప్పరు, లేజర్ పరికరంతో కొలవనివ్వరు. రెండోది హంటర్ ఫీల్డ్ టార్గెట్. ఇంచుమించు అవే పలకలు, దూరం మాత్రం 45 గజాలు దాటదు. అసలు తేడా ఒక్క నియమంలో ఉంది: కోర్సు (వరసగా పెట్టిన పలకల దారి) మొదలయ్యాక స్కోపు మీద ఏ మీటా తిప్పకూడదు. ఫోకస్, మాగ్నిఫికేషన్, ఎత్తు, ఏదీ.

దూరం తెలియకపోతే ఏమవుతుంది? ఇంగ్లండ్‌లో లైసెన్సు లేకుండా వాడే ఎయిర్ రైఫిల్‌కు శక్తి పరిమితి 12 అడుగు-పౌండ్లు, అంటే 16 జౌళ్ళ పైచిలుకు. 8.4 గ్రెయిన్ల పెల్లెట్ సెకనుకు 790 అడుగుల వేగంతో బయల్దేరుతుంది, దారిలోనే నీరసిస్తుంది. 55 గజాల లక్ష్యాన్ని 50 అనుకుని కొడితే పెల్లెట్ గురి కంటే రెండు సెంటీమీటర్లకు పైగా కింద తగులుతుంది. అక్కడి రంధ్రం వ్యాసం 40 మి.మీ., నడిమి నుంచి అంచుకు 20. అంటే చెయ్యి కాస్తయినా వణక్కపోయినా, ఊపిరి బిగబట్టినా, ఐదు గజాల పొరపాటు ఒక్కటే షాట్‌ను పాడుచేస్తుంది. మరీ దగ్గర కూడా ఇదే గొడవ. స్కోపు గొట్టానికి ఐదు సెంటీమీటర్లు పైన కూర్చుంటుంది కాబట్టి, 35 గజాలకు సరిచేసిన తుపాకీ 8 గజాల దగ్గర రెండు సెంటీమీటర్లు కిందికి కొడుతుంది. అక్కడి రంధ్రం 15 మి.మీ. మాత్రమే కావచ్చు.

ఫీల్డ్ టార్గెట్ వాళ్ళ మందు చక్రం. స్కోపు పక్కన ఫోకస్ మీటకు పళ్ళెమంత చక్రం బిగిస్తారు. మాగ్నిఫికేషన్‌ను 35, 40, 50 రెట్లకు పెంచుతారు. ఆ స్థాయిలో స్పష్టంగా కనిపించే దూరం సన్నటి పొర అంతే, ముందుదీ వెనకదీ మసక. పలక ఏ దగ్గర తేటపడుతుందో అక్కడ చక్రం అంచున అంటించిన పట్టీ మీద గజాలు చదువుకుంటారు. ఆ పట్టీ దుకాణంలో దొరికేది కాదు. టేపు పెట్టి కొలిచిన దూరాల్లో పలకలు నిలబెట్టి, ఎవరిది వాళ్ళే పెన్నుతో గీసుకోవాలి.

ఈ పని చేసేవాళ్ళను దగ్గర నుంచి చూస్తే తమాషాగా ఉంటుంది. పలకను పలకలా చూడరు. కొత్తగా నల్లరంగు పూసిన పలక మీద కంటికి పట్టు దొరకదు. అందుకని రంగు లేచిన చోటు, పలకను తిరిగి నిలబెట్టే దారం పోగులు, పక్కన గడ్డిపోచ నూగు, వీటి కోసం వెతుకుతారు. చక్రాన్ని ఎప్పుడూ ఒక దిక్కు నుంచే తిప్పుతారు. అటూ ఇటూ తిప్పితే లోపలి మరల సందు వల్ల అంకె మారిపోతుంది. మొదట తేటపడిన చోటే ఆగాలి. ఇంకాస్త చూద్దామని ఉంటే కన్ను తనే సర్దుకుని అబద్ధం చెబుతుంది. చత్వారం వచ్చిన కంటికి అలా సర్దుకునే శక్తి తక్కువ కాబట్టి, ఈ ఒక్క విషయంలో నలభై దాటినవాళ్ళది పైచేయి! కోర్సు వేసేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? చెట్టు నీడలో చీకటి పట్టున పలక పెట్టి, చుట్టూ ఎండ ఉండేలా చూస్తారు.

హంటర్ వాళ్ళ చేతిలో మిగిలేది కంటి ఎదుట ఉన్న గీతలు, చుక్కలు. మాగ్నిఫికేషన్ పది రెట్ల దగ్గర, ఫోకస్ పాతిక గజాల దరిదాపుల్లో పెట్టి ఇక ముట్టుకోరు. పక్కపక్క చుక్కల మధ్య ఎడం ఒక మిల్లు, అంటే మీటరు దూరంలో ఒక మిల్లీమీటరు ఆక్రమించే కోణం. ఈ మిల్-డాట్ లెక్క ఎంత సులువో చెప్పాలంటే, రంధ్రం సైజును మిల్లీమీటర్లలో తీసుకుని అది ఎన్ని మిల్లులు ఆక్రమించిందో దానితో భాగిస్తే మీటర్లలో దూరం వచ్చేస్తుంది. 40 మి.మీ. రంధ్రం ఒక మిల్లు ఉంటే 40 మీటర్లు. మూడో తరగతి పిల్లవాడు చేయగల భాగహారం.

చిక్కంతా ఆ పైన ఉన్న 40 దగ్గరే ఉంది. రంధ్రం 40 మి.మీ. అని ఎవరు చెప్పారు? 20 మి.మీ. రంధ్రం 20 మీటర్ల దగ్గర కూడా సరిగ్గా ఒక మిల్లే కనిపిస్తుంది. పెద్ద కుందేలు బొమ్మలో చిన్న రంధ్రం కోసి దగ్గర పెడితే చుక్కల లెక్క నిండా మునుగుతుంది. దానికి తోడు, చవక స్కోపుల్లో చాలావాటికి మాగ్నిఫికేషన్ మార్చినా గీతల సైజు మారదు. చుక్కలు పది రెట్ల దగ్గరే నిజం చెబుతాయి. ఐదు రెట్లకు తగ్గించి అదే లెక్క వేస్తే 20 మీటర్ల పలక 40 మీటర్లయి కూర్చుంటుంది.

ఈ రెంటినీ వేరు వేరు విద్యలుగా చెప్పుకోవడం రివాజు. ఒకటి కటకం పని, ఒకటి రేఖాగణితం అని. నాకు ఆ విభజన నచ్చదు. మసక అంటే ఏమిటి? ముందు కటకం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వచ్చిన కిరణాలు ఒక్కచోట కలవకపోవడం. అదీ త్రిభుజమే. దాని పాదం కటకం వెడల్పు, 50 మి.మీ. అనుకోండి. మిల్-డాట్ త్రిభుజానికి పాదం రంధ్రం, 40 మి.మీ. కొలబద్దలు రెండూ దాదాపు ఒకే పొడవు. కాకపోతే మొదటిది కొలిచేవాడి చేతిలోనిది, రెండోది కోర్సు వేసినవాడు దూరాన నిలబెట్టినది. బట్టల కొట్లో మీటరు బద్ద ఎవరిదన్న దాని మీదే బేరం నడిచినట్టు, ఇక్కడ నమ్మకం అంతా దాని మీదే నడుస్తుంది.

లోపం కూడా రెంటికీ ఒకటే. రెండూ దూరాన్ని కాకుండా దూరపు విలోమాన్ని కొలుస్తాయి. 10, 15 గజాల మధ్య తేడా ఎంత ఉంటుందో 50, 55 గజాల మధ్య దానిలో పద్ధెనిమిదో వంతే ఉంటుంది. సరిగ్గా అక్కడే పెల్లెట్ నిలువునా పడిపోతుంటుంది! 50, 55 గజాల తేడాను రెండు పద్ధతుల్లో లెక్క కట్టి చూడండి. హంటర్ కోర్సులో అంత దూరం ఉండదు, పోల్చడానికే. చక్రం పద్ధతిలో మసక 0.1 మిల్లు, మిల్-డాట్‌లో రంధ్రం చిక్కిపోయేది 0.08 మిల్లు. ఇంతవరకు సమ ఉజ్జీలే. నలభై రెట్ల స్కోపు మొదటిదాన్ని కంటికి 4 మిల్లులు చేసి చూపిస్తుంది. పది రెట్లది రెండోదాన్ని 0.8 మిల్లు చేస్తుంది. ఆరోగ్యమైన కన్ను పోల్చుకోగలిగేది 0.3 మిల్లు. చక్రానికున్న గొప్పంతా మాగ్నిఫికేషన్‌దే. చక్రం వెడల్పు ఆ గొప్పను చదువుకోవడానికి వీలిస్తుందంతే.

చక్రానికి ఎండ శత్రువు. ఉదయం గీసుకున్న పట్టీ మధ్యాహ్నానికి కొన్ని గజాలు తప్పుతుంది. అందుకే స్కోపుకు చిన్న థర్మామీటరు అంటించుకుంటారు, వేడికి ఒకటి, చలికి ఒకటి పట్టీలు పెట్టుకుంటారు, ఖాళీ దొరికితే గొడుగు పడతారు. గాజు మీద గీసిన చుక్కలకు ఈ బాధ లేదు.

పాయింట్లు వేసే తీరు కూడా ఈ తేడాకు తగ్గట్టే ఉంది. ఫీల్డ్ టార్గెట్‌లో పలక పడితే ఒకటి, లేకపోతే సున్నా. హంటర్‌లో పడితే రెండు, పలకకు ఎక్కడ తగిలినా ఒకటి. ఉజ్జాయింపు కొలతకు ఉజ్జాయింపు మార్కు. ఇది న్యాయమే. కానీ స్కోపు తిప్పకూడదన్న నియమం వల్ల ఆట అడవిలో వేటగాడి సహజ నైపుణ్యానికి దగ్గరవుతుందని కొందరు అంటారు, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను. పది రెట్ల దగ్గర మసక చూసి దూరం పోల్చడం, 0.98 మిల్లుకూ 1.1 మిల్లుకూ తేడా పట్టడం చక్రం తిప్పడమంత కృత్రిమమైన విద్యలే. ఆ నియమం చేసే అసలు మేలు వేరు. జేబు చిన్నదైన కొత్తవాడు ఖరీదైన స్కోపు లేకుండా పోటీలో నిలబడగలడు.

కొలతగా చూస్తే చక్రానిదే గెలుపు, అందులో నాకు సందేహం లేదు. మీరు ఎయిర్ రైఫిల్‌కు స్కోపు కొనబోతుంటే మాత్రం రెట్లూ చుక్కలూ లెక్కపెట్టే ముందు ఒక్క సంగతి అడగండి: 10 గజాల దగ్గర ఫోకస్ అవుతుందా? మందుగుండు తుపాకుల కోసం చేసిన స్కోపులు చాలావాటిని 100 గజాలకే బిగించి పంపుతారు. అలాంటిది ఈ రెండు ఆటల్లో దేనికీ పనికిరాదు.