గోడమీది వ్యాఖ్యానము: ఫ్లోరెన్సు దేవాలయ చిత్రములపై ఒక వేదాంత విమర్శ

ఇటలీలోని ఫ్లోరెన్సుకు ఒంటరిగా వెళ్ళిన యాత్రికుడు ఒక్క దినములో మూడు స్థలములను కాలినడకన చూడగలడు: సాన్ మార్కో మఠము, సాంతా మరియా నొవెల్లా దేవాలయము, ఆర్నో నదికి ఆవల కార్మినె దేవాలయములోని బ్రంకాచ్చి చాపెల్. మూడింటిలోను 15వ శతాబ్దపు కుడ్యచిత్రములున్నాయి. మూడింటికి నేడు టిక్కెట్టు కొనవలసినదే. నిర్గమ 20:4ను బాల్యమునుండి కంఠస్థము చేసిన మనకు ఆ గోడల యెదుట ఒక ప్రశ్న కలుగుతుంది. ఇవి విగ్రహములా, అలంకారములా, లేక వాక్యమునకు వ్యాఖ్యానములా? ఇవి వ్యాఖ్యానములే అని, కనుకనే వాటిని వాక్యముతో పరీక్షించాలని ఈ వ్యాసము వాదిస్తుంది.

1. సాన్ మార్కో: చదువుతున్న సన్యాసి

కోసిమో దె మెదీచీ ధనముతో పునర్నిర్మించబడిన ఈ మఠపు గదులలో ఫ్రా ఆంజెలికో, ఆయన సహాయకులు 1440 ప్రాంతములో చిత్రములు వేశారు. 7వ గదిలో క్రీస్తు కన్నులకు గంత కట్టబడి ఉన్నది. కొట్టేవారి శరీరములు కనబడవు. గాలిలో చేతులు, ఉమ్మివేసే ఒక తల మాత్రమే కనబడతాయి. క్రింద కూర్చున్న దొమినిక్ ఆ దృశ్యమును చూడడు, ఒడిలోని గ్రంథమును చదువుతున్నాడు. అనగా పైన ఉన్నది అతడు చదివి ధ్యానిస్తున్నదే. ఇక్కడ బొమ్మ గ్రంథమునకు బదులు నిలువలేదు, గ్రంథమువైపే త్రిప్పింది. ఆ చేతులు ఎవరివో చెప్పకపోవుట వలన, అవి తనవేనేమో అని ఆ గదివాసి ప్రశ్నించుకొనవలసి వచ్చింది. ఇదే మఠమునకు అధిపతియైన సవొనరోలా 1497లో విలాసవస్తువులను నగర కూడలిలో కాల్పించాడు. ఈ గోడలను మాత్రము ముట్టలేదు.

2. సాంతా మరియా నొవెల్లా: సిలువను పట్టుకొన్న తండ్రి

1427 ప్రాంతములో మసాచ్చో వేసిన 'త్రిత్వము'లో దూరమునకు పోయే గీతలు సిలువ పాదమునకు దగ్గరగా, మన కంటి ఎత్తున కలుస్తాయి. మరియ మనవైపు చూస్తూ కుమారుని చూపిస్తుంది. అడుగున ఒక అస్థిపంజరము. దానిపైనున్న వ్రాత, చూచేవాడు కూడ అదే స్థితికి వస్తాడని హెచ్చరిస్తుంది. 1570 ప్రాంతములో వసారి దీని ముందు మరొక బలిపీఠము నిలపగా, 1860 వరకు ఈ చిత్రము మరుగున ఉండిపోయింది.

తండ్రిని వృద్ధునిగా చిత్రించుట ద్వితీయోపదేశకాండము 4:15-16 వెలుగులో సమర్థింపదగినది కాదు. ఇది ఈ చిత్రములోని లోపము. అయితే ఆ తండ్రి ఏమి చేస్తున్నాడు? సిలువ వెనుక నిలిచి దాని అడ్డకమ్మిని రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. కోపిష్ఠియైన తండ్రి ఒకవైపు, దయగల కుమారుడు మరొకవైపు అన్నట్లు మన ప్రసంగములలో తరచుగా వినబడే విభజన ఇక్కడ లేదు. 2 కొరింథీ 5:19లోని పౌలు బోధ ఈ గోడపై మన అనేక ప్రసంగములకంటె నమ్మకముగా నిలిచింది.

3. బ్రంకాచ్చి చాపెల్: విడిచిపెట్టిన వచనము

ఇక్కడ మసాచ్చో ఏదెను నుండి వెళ్ళగొట్టబడిన ఆదామవ్వలను చిత్రించాడు. ఆదాము ముఖమును కప్పుకొన్నాడు. హవ్వ దేహమును కప్పుకొని నోరు తెరచి ఏడుస్తుంది. పాపఫలమైన దుఃఖము ఇంత స్పష్టముగా కనబడే చిత్రములు అరుదు. కాని వారు దిగంబరులు. వెళ్ళగొట్టుటకు ముందే దేవుడు వారికి చర్మపు చొక్కాయిలు తొడిగించాడని ఆదికాండము 3:21 చెబుతుంది. చిత్రకారుడు తీర్పును చూపాడు, కృపను విడిచిపెట్టాడు. తరువాతి కాలమువారు వారికి ఆకులు చేర్చారు. 1980ల పునరుద్ధరణలో వాటిని తొలగించారు. ఆ ఆకులు కూడ ఆదికాండము 3:7లో మనుష్యులు కుట్టుకొన్నవే గాని దేవుడిచ్చిన వస్త్రము కాదు!

ముగింపు

ఈ మూడు చిత్రములలో ఒకటి వాక్యమువైపు త్రిప్పింది, ఒకటి వాక్యమును మించినప్పటికి దాని మర్మమును కాపాడింది, ఒకటి వచనమును విడిచిపెట్టింది. ప్రసంగవేదికమీద మనము చేసే పని కూడ ఇదే. మన రంగులు మాటలు మాత్రమే. రాతిబొమ్మలను విసర్జించిన సంఘము తన కాపరి మాటలతో గీసే దేవుని రూపమును పరీక్షించక వదలితే, రెండవ ఆజ్ఞను సగమే గైకొన్నట్లు. ఆదివారమున మనము చిత్రించే తండ్రి చేతులు ఎక్కడ ఉన్నాయి? సిలువను పట్టుకొని ఉన్నాయా, లేక దూరముగా ముడుచుకొని ఉన్నాయా?