అవ్వ మాటకు మూలం

ఎండలు ముదిరిన రోజుల్లో భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్లినవాళ్లకు బీడీలు చుట్టే తునికాకు కల్లాలు తెలుసు. ఊరి పక్కన చదును చేసిన జాగాలో ఆకు కట్టలు బారులు తీరి ఎండుతుంటాయి. కట్టకు 50 ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. చీకటితో అడవికెళ్లి కోసుకొచ్చిన ఆకును మధ్యాహ్నం నీడపట్టున కూర్చుని ఇంటిల్లిపాదీ లెక్కపెట్టి, నారతో కట్టి, పొద్దువాలేలోగా కల్లానికి చేరుస్తారు. ఆ లెక్కకు వాళ్లకు కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు.

మూడేళ్ల కిందట అలాంటి ఓ కల్లం దగ్గర ఒక కోయ అవ్వ పక్కన కూర్చున్నాను. నోట్‌బుక్ తీసి అడిగాను.

"అవ్వా, లేతాకు ఎందుకు కొయ్యరు?"

"ఎండబెడితే నల్లబడతది సారూ. ముదురాకు కోస్తే చుట్టేటప్పుడు పగులుతది."

"మరి అదను ఎట్ల తెలుస్తది?"

"పట్టుకుంటే తెలుస్తది."

ఆమె మరో మాట కూడా చెప్పింది. పెద్ద చెట్టు ఆకు మందంగా ఉంటుంది, బీడీకి పనికిరాదు. ఎండాకాలానికి ముందు కొమ్మ కొట్టిన పొదకు వచ్చే చిగురాకే ఆకు. మబ్బు పట్టిందంటే కల్లంలో ఆకును ఎట్లా కాపాడుకోవాలో, తడిసిన కట్ట ఎట్లా బూజు పడుతుందో గంటసేపు చెప్పింది. పేరు రాసుకుంటానంటే వద్దంది.

నేను అక్కడికి వెళ్లింది తెలుగు వికీపీడియా కోసం. భద్రాచలంలో కొంతకాలం, ఖమ్మంలో కొంతకాలం పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాక పెట్టుకున్న పని ఇది. జీతం లేదు, వ్యాసం కింద పేరు ఉండదు. 2003 డిసెంబర్ 10న వెన్న నాగార్జున మొదలుపెట్టిన ఈ తెలుగు విజ్ఞానసర్వస్వంలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో ఎన్నో నాలాంటి వాళ్లు ఇంటి పనులు ముగించుకుని రాసినవే. ఈ పనికి మనవాళ్లు పెట్టుకున్న మాటలంటే నాకు ప్రాణం. ఇంకా ఎదగని చిన్న వ్యాసం 'మొలక'. అందరూ చేరి తగవులు తీర్చుకునే చోటు 'రచ్చబండ'. పక్కవాడి తప్పు సరిచేస్తే అది 'దిద్దుబాటు'.

ఆ రాత్రి ఇంటికొచ్చి అవ్వ చెప్పినదంతా టైపు చేశాను. అడుగున 'మూలాలు' అన్న శీర్షిక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎవరైనా సరిచూసుకోగలిగిన ప్రచురిత ఆధారం లేనిదే ఏ మాటా నిలవకూడదన్నది విజ్ఞానసర్వస్వపు నియమం. అది మంచి నియమం. అది లేకపోతే గాలి కబుర్లన్నీ వ్యాసాలైపోతాయి. కానీ అవ్వ మాటకు మూలం ఆమె వేలి కొస. దాన్ని ఏ పుస్తకం, ఎన్నో పేజీ అని రాయను? రాసిందంతా చెరిపేసి పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. తరగతి గదిలో ఏళ్ల తరబడి నేను ఇష్టంగా చెప్పిన పాఠం గుర్తొచ్చింది. 1945లో వియన్నాకు చెందిన ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హాయెక్ 'అమెరికన్ ఎకనమిక్ రివ్యూ'లో ఒక వ్యాసం రాశాడు. సమాజం తనలోని జ్ఞానాన్ని ఎలా వాడుకుంటుందన్నది విషయం. దేశం మొత్తానికి ప్రణాళిక వేయడానికి కావలసిన సమాచారం ఏ ఒక్క ఆఫీసులోనూ పోగుపడి ఉండదంటాడాయన. శాస్త్రజ్ఞుల దగ్గర ఉండేదొక్కటే జ్ఞానం కాదు. ఫలానా చోట, ఫలానా పూట ఏది ఉందో ఏది లేదో అక్కడున్న మనిషికే తెలుసు. ఎక్కడో తగరం కొరత వస్తే ధర పెరుగుతుంది. కొరత ఎందుకొచ్చిందో తెలియనివాళ్లు కూడా ఆ ధర చూసి పొదుపుగా వాడతారు. ధర అంటే చెదిరి ఉన్న తెలివిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసే కబురు. "పట్టుకుంటే తెలుస్తది" అన్న అవ్వ మాటలో ఉన్నది హాయెక్ చెప్పిన ఆ జ్ఞానమే.

ఆ వ్యాసాన్ని అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో జిమ్మీ వేల్స్ అనే కుర్రవాడు చదివాడు. ఆయనే 2001 జనవరిలో లారీ శాంగర్‌తో కలిసి వికీపీడియా మొదలుపెట్టాడు. హాయెక్‌ను అర్థం చేసుకోకుండా వికీపీడియా గురించిన తన ఆలోచనలు అర్థం కావని వేల్స్ తానే చెప్పాడు. వికీపీడియాకు ముందు వాళ్లిద్దరూ న్యూపీడియా అని ఒకటి నడిపారు. పండితులే రాయాలి, ఏడు అంచెల పరిశీలన దాటాలి. వ్యాసాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి. తలుపులు బార్లా తీశాకే పని పరుగందుకుంది.

హాయెక్ ఏ గూటి పక్షో ఆ ఆస్ట్రియన్ స్కూలు అనే ఆర్థిక ఆలోచనా సంప్రదాయానికి కూడా సొంతంగా ఒక స్వచ్ఛంద విజ్ఞానసర్వస్వం ఉంది. హాయెక్‌కు దారి చూపిన లుడ్విగ్ ఫాన్ మీసెస్ పేరుతో 1982లో పుట్టిన మీసెస్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఆ ఆబర్న్ పట్టణంలోనే ఉంది. ఆ నీడన ఔత్సాహికులు కట్టుకున్నది మీసెస్ వికీ. నచ్చిన సిద్ధాంతానికి ఒక ఇల్లు కట్టుకోవడంలో తప్పులేదు. ఆ స్కూలు పుస్తకాల గురించి, మనుషుల గురించి ఒకచోట తెలుసుకోవాలంటే అలాంటి ఇల్లు అక్కరకొస్తుంది. అయినా నా మనసు మాత్రం అందరూ వచ్చి దిద్దే చావడి వైపే మొగ్గుతుంది. ఎవరికీ మొత్తం తెలియదని చెప్పిన సిద్ధాంతం గురించి దాన్ని నమ్మినవాళ్లే రాసుకుంటే, దానికి తెలియనిది చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ సిద్ధాంతం గురించి తెలుగులో రాసే పనిలో మొదటి కష్టం మాటలతోనే. ఆస్ట్రియన్ స్కూలు 1871లో కార్ల్ మెంగర్ పుస్తకంతో మొదలైంది. వస్తువు విలువ దాన్ని తయారుచేసిన చెమటలో లేదు, వాడుకునే మనిషి అవసరంలో ఉందన్నాడాయన. దీన్ని చెప్పడానికి మన పాఠ్యపుస్తకాల్లో 'ఉపాంత ప్రయోజనం' అన్న మాట ఉంది. పరీక్ష రాసేవాడికి అది చాలు, చదివి అర్థం చేసుకోవాలనుకునేవాడికి చాలదు. మెంగర్ తరవాతివాడైన బోమ్-బావెర్క్ ఐదు బస్తాల ధాన్యం ఉన్న రైతు కథతో దీన్ని చెప్పాడు. మొదటి బస్తా ప్రాణం నిలుపుకోవడానికి, రెండోది ఒంట్లో సత్తువకు, మూడోది కోళ్లకు, నాలుగోది సారాకు, ఐదోది పెంపుడు చిలకలకు. ఒక బస్తా పోతే రైతు వదులుకునేది చిలకల మేతనే. కాబట్టి ఏ బస్తాకైనా విలువ ఆ ఆఖరి వాడకమంతే.

దీన్ని మా వైపు పిల్లలకు చెప్పాలంటే ఆ బస్తాలు అక్కర్లేదు, మూడు గంపల ఇప్పపువ్వు చాలు. ఎండబెట్టి వానాకాలం కరువు రోజులకు దాచుకునేది మొదటి గంప. పండగకూ పెళ్లికీ సారా కాచుకునేది ఒకటి. ఉప్పు, నూనె కోసం సంతకు పోయేది ఇంకొకటి. ఏ ఏడాదైనా సరిగా పూయకపోతే సంతకు పోయే గంప ముందు తగ్గుతుంది. తరగతిలో ఇలా చెప్పినప్పుడు వెనక బెంచీలో కూర్చున్న కోయ పిల్లలు తలెత్తి చూసేవాళ్లు. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివొచ్చి తెలుగులో అర్థశాస్త్రం రాసి వందేళ్లు దాటింది. ఇప్పటికీ మన పాఠం ఇప్పచెట్టు కిందికి రాలేదు.

రెండో కష్టం ఇంకా పెద్దది. ఇష్టపడ్డ సిద్ధాంతం గురించి తటస్థంగా రాయడం. తునికాకు ధరనే తీసుకోండి. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల చట్టంతో ఆకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వచ్చింది. కట్టకు ఇంతని రేటు పైన తేలుతుంది. ఏ పల్లెలో ఆకు బాగా వచ్చిందో, ఎక్కడ వడగళ్లు కొట్టి చిల్లులు పడ్డాయో ఆ రేటుకు తెలియదు. హాయెక్‌ను అభిమానించేవాడిగా నాకు ఇక్కడ, కొనేవాడు ఒక్కడైతే ధర మూగబోతుందని రాసేయాలనిపిస్తుంది. రాయవచ్చు, అది ఫలానావారి అభిప్రాయమని చెప్పి. కానీ అంతటితో ఆగితే అబద్ధం రాసినట్టే. ప్రభుత్వం రాకముందు అడవిలో షావుకార్లు ఉన్నారు, కాంట్రాక్టర్లు ఉన్నారు. అప్పులో మునిగిన మనిషి దగ్గర ధర ఏ కబురూ మొయ్యదు. రేటు పెంచమని ఈ అడవిలో జరిగిన పోరాటాలూ చరిత్రే. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకుతో సహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం ఆదివాసులదీ, తరతరాలుగా అడవిలో ఉంటున్న ఇతరులదీ అంది. ఇవన్నీ ఒకే వ్యాసంలో పక్కపక్కన కూర్చోవాలి. నా మొగ్గు ఎటో చదివేవాడికి తెలియకూడదు. ఇది నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

అప్పుల మాట నేను ఊహించి రాయలేదు. దానికి మూలం ఉంది. ఆ మూలం ఇచ్చినవాడూ వియన్నావాడే. 1909లో అక్కడ పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇండియాలో ఉన్నాడు. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని హైదరాబాద్ రాజ్యం దాటనివ్వలేదు. ఆయన ఆ కాలాన్ని నల్లమల చెంచుల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య, మన పాపికొండల్లో కొండరెడ్ల మధ్య గడిపాడు. పోడు ఎలా కొడతారు, ఏ దుంప ఎప్పుడు తవ్వుతారు, కలప వెదురు షావుకార్ల దగ్గర ఎలా ఇరుక్కుపోయారు, అన్నీ కూర్చుని విని రాసుకున్నాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. హాయెక్ వ్యాసం వచ్చిన ఏడాదే. జ్ఞానం అక్కడున్న మనిషి దగ్గరే ఉంటుందని ఒక వియన్నావాడు రాశాడు, ఇంకొక వియన్నావాడు గోదావరి ఒడ్డున ఆ మనిషి పక్కన కూర్చుని దాన్ని కాగితం మీద పెట్టాడు. ఎనభై ఏళ్ల తరవాత నేను కొండరెడ్ల గురించి ఒక వాక్యం రాస్తే కింద మూలంగా ఆ పుస్తకం నిలబడుతోంది. ఆనాడు ఆయనకు చెప్పినవాళ్లు కూడా ఆ అవ్వలాంటి వాళ్లే.

ఆ కొండరెడ్ల ఊళ్లు తరవాత ఎక్కడికి చేరాయి? పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం ఇటు తెలంగాణలో ఉండిపోయింది, దాని చుట్టూ పల్లెలు అటు పోయాయి. 2016లో ఇటువైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది. 2022లో అటువైపు పల్లెలు కొన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాకు, కొన్ని ఏలూరు జిల్లాకు చేరాయి. ప్రతిసారీ ఎవరో ఒకరు ఊరూరి వ్యాసంలో జిల్లా పేరు మార్చాలి. నేనూ కొన్ని మార్చాను. వేలేరుపాడు పల్లెల పేర్లు సరిచేసిన రాత్రి, ముంపులో పోయే ఊరికి వ్యాసం ఒక్కటే మిగులుతుందేమో అనిపించి చాలాసేపు తెర ముందే కూర్చున్నాను. ఊరు పేరు, జనాభా, మండలం, అంతే ఉంది అందులో. అక్కడి సంతలో ఏం అమ్మేవారో, ఏ వాగు చేప రుచో, మానిక ఎంత కొలత పట్టేదో లేదు.

ఇది నాకొక్కడికే తోచిన బాధ కాదు. నోటిమాటను మూలంగా ఎలా చూపించవచ్చో తేల్చడానికి 2011లో అచల్ ప్రభల పూనికతో ఒక ప్రయత్నం జరిగింది. ఇండియాలో, దక్షిణాఫ్రికాలో మలయాళం, హిందీ, సెపెడి భాషల వికీపీడియా రచయితలు పల్లెలకు వెళ్లి ఆటల గురించి, ఆచారాల గురించి పెద్దల మాటలు రికార్డు చేసి, వాటి ఆధారంగా వ్యాసాలు రాశారు. నియమం మాత్రం మారలేదు. దాన్ని మార్చాలని నేనూ అనను. నియమాన్ని సడలించే బదులు మూలాన్ని పుట్టించాలి.

ఖమ్మానికి అట్టే దూరం లేని పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు ఆ పనే చేశారు. మునగాల దివాన్‌గా ఉంటూ, విజ్ఞానచంద్రికా మండలి నడుపుతూ, తెలుగులో తొలి విజ్ఞానసర్వస్వానికి పూనుకున్నారు. మూడు సంపుటాలు వచ్చేసరికి ఇంకా 'అ' అక్షరమే. 1923లో ఆయన కన్నుమూశారు. ఆయన ఎక్కడ ఆగారో అక్కడి నుంచి అందుకోవడానికి ఈనాడు పండితుడే కానక్కర్లేదు.

భద్రాచలం, కొత్తగూడెం, చింతూరు కాలేజీల్లో అర్థశాస్త్రం చెప్పే మిత్రులకు నాదొక మనవి. ఈ వేసవిలో మీ విద్యార్థుల్ని ప్రాజెక్టు పేరుతో ఇంటికి పంపండి. వాళ్ల నానమ్మ, అమ్మమ్మ దగ్గర తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు, సంత కొలతల గురించి రాయించండి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన చెప్పారో వాళ్ల అనుమతితో కింద రాయించండి. కాలేజీ పత్రికలో అచ్చు వేయండి. లేదంటే ఇలాంటి పేపరుకు పంపండి. అచ్చయిన కాగితం ఉంటే దాన్ని వ్యాసంలోకి ఎక్కించే పని మాది.

నా వంతు ఇది: తునికాకు లేతగా కోస్తే ఎండినప్పుడు నల్లబడుతుంది, ముదిరాక కోస్తే చుట్టేటప్పుడు పగులుతుంది. పెద్ద చెట్టు ఆకు మందంగా ఉండి బీడీకి పనికిరాదు, కొమ్మ కొట్టిన పొద చిగురే మంచి ఆకు. చర్ల దారిలో ఒక కల్లం దగ్గర ఒక కోయ అవ్వ చెప్పిన మాటలివి. ఈ వారం ఈ పేపర్లో అచ్చయ్యాయి.