గొంతులు కలిపినవాడు
(ముందుమాట)

సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ పేరెత్తితే మలయాళీల ముఖాలు వెలుగుతాయి. మనవాళ్లు మాత్రం ‘ఎవరాయన?’ అంటారు. ఆయన పుట్టింది మన చిత్తూరులోనే, 1925లో; 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో కన్నుమూశారు. యేసుదాసు చేత తొలి సినిమా పాట పాడించింది ఆయనే, 1961లో, ‘కాల్పాడుగళ్’ చిత్రానికి. అడూర్ గోపాలకృష్ణన్ ‘స్వయంవరం’, ‘ఎలిప్పత్తాయం’ చిత్రాలకు సంగీతమూ ఆయనదే. ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఆ సినిమా ముచ్చట్లన్నీ చప్పున ముగించి, ఆయన కట్టిన బృందగాన బృందం మద్రాస్ యూత్ క్వయర్ దగ్గర తీరిగ్గా కూర్చుంది. అది నాకు నచ్చింది.

శ్రీనివాసన్ కుర్రతనంలోనే కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్లారు. ఢిల్లీలో కమ్యూనిస్టు నేత ఏ.కె. గోపాలన్ దగ్గర కార్యదర్శిగా పనిచేశారు. జలియన్‌వాలాబాగ్ కాలపు నాయకుడు సైఫుద్దీన్ కిచ్లూ కుమార్తె జహీదాను పెళ్లాడారు. మద్రాసుకొచ్చాక సినిమా వాద్యకారులకు సంఘం కట్టారు. పని దొరికిన రోజే కూలి దొరికే వయొలిన్ వాళ్లూ తబలా వాళ్లూ ఒక్కచోట చేరారు. క్వయర్ ఆ తర్వాత, 1970ల తొలినాళ్లలో వచ్చింది. సంఘం వేరు, సంగీతం వేరు అనుకునేవాళ్లున్నారు. రచయిత్రి అలా అనుకోలేదు. విడిగా పాడితే ఎవరూ పట్టించుకోని గొంతులను ఒక వరసలో నిలబెట్టడం రెండుచోట్లా ఒకటే పని అంటుంది. నాదీ అదే మాట.

పుస్తకానికి ప్రాణం మూడో అధ్యాయం. మన సంగీతం ఒక్కరు పాడేది. దాన్ని బృందం చేత పాడించాలంటే చిక్కులొస్తాయి. ఒకరి గమకం పక్కవారి గమకంతో కలవదు, కాబట్టి ఏ స్వరాన్ని ఎంత ఊపాలో ముందే తేల్చుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. మోహన రాగంలో మధ్యమం, నిషాదం లేవు. దానికి పియానో పద్ధతిలో కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) కూర్చబోతే సరిగ్గా ఆ రెండే ముందుకొచ్చి నిలబడతాయి. మోహనం కాస్తా శంకరాభరణం అయిపోతుంది! రాగంలో ఉన్న స్వరాలతోనే రెండో వరస కట్టి, దాన్ని కాస్త ఆలస్యంగా ఎత్తుకుంటే రాగమూ నిలుస్తుంది, గొంతులూ విడివిడిగా వినిపిస్తాయి. రచయిత్రి దీన్ని బడిపిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పింది.

ఆమె సికింద్రాబాద్‌లో సంగీతం టీచరు కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఈ ఊరి చర్చిల్లో ఇంగ్లీషు ఆరాధనకు సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు గొంతులు పలుకుతాయి. తెలుగు ఆరాధనకు పురుషోత్తమ చౌధరి కీర్తన రాగతాళాలతో, అందరిదీ ఒకే వరసగా సాగుతుంది. రెండూ చెవిన పడుతూ పెరిగినవాళ్లకు శ్రీనివాసన్ పడ్డ తిప్పలు వెంటనే అర్థమవుతాయి.

ఒక లోటు చెప్పక తప్పదు. స్వరలిపి ఇవ్వలేదు. పాట ఎలా కట్టాలో చెప్పి, కట్టిన పాట ఒక్కటైనా చూపించకపోతే ఎలా? రెండో ముద్రణలో తప్పక చేర్చాలి.



బడుల్లో సంగీతం చెప్పే మిత్రులకు ఒక మనవి. ప్రార్థనవేళ బాగా పాడే ఇద్దరు పిల్లల్ని మైకు ముందు నిలబెట్టి, మిగతావాళ్లను చేతులు కట్టుకోమనకండి. ఈ పుస్తకం తెరిచి, తరగతి మొత్తాన్నీ రెండు వరసలు చేసి పాడించండి.