నిదానం నేర్చిన రాక్

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కుతూ 'లో' అనే అమెరికన్ బృందం పాట 'లల్లబై' పెట్టుకుంటే, అది ముగిసేసరికి మలక్‌పేట దరిదాపుల్లో ఉంటాం. దాదాపు పది నిమిషాల పాట. అందులో ఏం జరుగుతుందంటే చెప్పడం కష్టం. గిటారు ఒకటే వరుసను తిప్పుతూ ఉంటుంది. బేస్ దాని అడుగున నడుస్తుంది. డ్రమ్ము మీద బ్రష్షు రాసుకుంటుంది. ఒక ఆడగొంతు వచ్చి, నాలుగు మాటలు పాడి పోతుంది. ఆ తర్వాత వాయిద్యాలు మెల్లగా పోగై, మెల్లగానే తగ్గుతాయి. స్లోకోర్ అని పిలిచే రాక్ సంగీతంలోకి అడుగుపెట్టాలంటే ఇంతకన్నా మంచి గుమ్మం లేదు.

ఆ పాట ఉన్న ఆల్బమ్ 'ఐ కుడ్ లివ్ ఇన్ హోప్' 1994 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పట్లో అమెరికన్ రాక్ అంటే నిర్వాణా బృందమే. 1991లో వాళ్ల 'నెవర్‌మైండ్' విడుదలయ్యాక ఊరూరా కుర్రాళ్లు గిటారుకు డిస్టార్షన్ తగిలించి అరవడం మొదలెట్టారు. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మిన్నెసోటా చలిలో ఉన్న డులూత్ జనానికీ ఆ రొదే ఇష్టం. వాళ్ల ముందు నిదానంగా, వినీవినపడనట్టు వాయిస్తే ఏమవుతుందో చూద్దామని అలన్ స్పార్‌హాక్, బేసిస్టు జాన్ నికల్స్ వేళాకోళానికి అనుకున్నారు. 1993లో ఆ వేళాకోళమే 'లో' బ్యాండు అయింది. డ్రమ్స్ దగ్గర అలన్ భార్య మిమీ పార్కర్ నిలబడింది. మాటవరసకు కాదు, ఆమె నిలబడే వాయించేది. ముందు ఒక స్నేర్, ఒక ఫ్లోర్ టామ్, ఒక సింబల్, చేతుల్లో ఎక్కువగా బ్రష్షులు, అంతే. ఆల్బమ్ నిర్మాత క్రేమర్ అప్పటికే 'గెలాక్సీ 500' అనే బృందం ఆల్బమ్‌లు రికార్డు చేసినవాడు. తీగ మోతకు ఎంత గది, ఎంత ప్రతిధ్వని కావాలో ఆయనకు బాగా తెలుసు.

ఇక అసలు విద్య. వేగంగా వాయించేటప్పుడు ఒక దెబ్బ కాస్త అటూ ఇటూ పడినా వెనకే వచ్చే దెబ్బ దాన్ని కప్పేస్తుంది. నిదానంలో ఆ దిక్కు లేదు. రెండు దెబ్బల నడుమ ఉన్న జాగాలో ముగ్గురూ ఒకే లెక్క మనసులో నడపాలి. ఒక్కరికి ఓపిక తగ్గినా పాట పరుగందుకుంటుంది. తీగ మీటాక చెయ్యి తీసెయ్యాలి, మోత సన్నగిల్లనివ్వాలి, మధ్యలో మరో స్వరం వేసి చెడగొట్టకూడదు. వాల్యూమ్ తక్కువ కాబట్టి గొంతు దాక్కునే చోటుండదు. అలన్, మిమీ కలిసి పాడుతున్నప్పుడు శ్రుతి వెంట్రుకవాసి తప్పినా దొరికిపోతారు. మాటల్లోనూ అదే పొదుపు, పదకొండు పాటలకూ ఒక్కో మాటే పేరు. బార్లలో జనం కబుర్లలో పడితే ఏ బ్యాండయినా వాల్యూమ్ పెంచుతుంది. వీళ్లు ఇంకా తగ్గించేవాళ్లు.

తెలుగు చెవికి ఇదేమంత కొత్త కాదు. 17వ శతాబ్దంలో మొవ్వ క్షేత్రయ్య రాసిన పదాలను చౌకకాలంలోనే పాడతారు. ఒకే పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంటే నర్తకి ప్రతిసారీ ఒక కొత్త భావం చూపుతుంది. తాళం మెల్లనైనకొద్దీ లయ నిలపడం కష్టమని పదం నేర్చిన వాళ్లెవరైనా చెబుతారు. తేడా ఒక్కచోట ఉంది: పదంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న జాగాను గమకం నింపుతుంది, స్లోకోర్‌లో దాన్ని ఖాళీగానే వదిలేస్తారు. ఈ పదాలను మద్రాసులో వీణ ధనమ్మాళ్ కుటుంబం కాపాడింది. ఆమె మనవరాలు టి. బృంద 1996లో పోయేదాకా ఆ బాణీ వదల్లేదు. మన నిదానాన్ని మన ఊళ్లకన్నా వాళ్ల ఇల్లు భద్రంగా దాచిందని ఒప్పుకోవాలి.

'లో' ఆల్బమ్ వచ్చిన ఏడాది సంచలనమేం కాలేదు. రేడియోకి అందులో పనికొచ్చే పాటలు దాదాపు లేవు. స్లోకోర్ అన్న ముద్ర కూడా బ్యాండుకు నచ్చలేదు. విన్నవాళ్లు మాత్రం వదల్లేదు. లెడ్ జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 2010 నాటి తన ఆల్బమ్‌లో ఈ బ్యాండువే రెండు పాటలు పాడాడు. ఇదే దారిలో 1998లో డస్టర్ బృందం చేసిన 'స్ట్రాటోస్ఫియర్' ఆల్బమ్ ఇరవై ఏళ్లు దాటాక, అది వచ్చినప్పటికి పుట్టని పిల్లల ఫోన్లలోకి చేరింది. 'లో' 2021 దాకా ఆల్బమ్‌లు చేసింది. 2022 నవంబరులో మిమీ క్యాన్సర్‌తో చనిపోయింది, దాంతో బ్యాండూ ముగిసింది. మొదటి ఆల్బమ్‌లో లోపం లేదనను. 'డ్రాగ్' పాట దగ్గరికొచ్చేసరికి నాకూ ఓపిక సన్నగిల్లుతుంది. అయినా దాన్ని నిద్రపుచ్చే సంగీతమని కొట్టేసేవాళ్లతో ఏకీభవించలేను. నిద్రమత్తులో ఉన్నవాళ్లు అంత కచ్చితంగా వాయించలేరు.

నిదానాన్ని మెచ్చుకున్నానని తీన్‌మార్ మీద నాకు పగేం లేదు. బోనాల నాడు సైదాబాద్ వీధుల్లో అది మోగకపోతే వెలితే. కానీ కోచింగ్ ముగించుకుని దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదికి చేరిన పిల్లలకు రాత్రి పదకొండింటికి వేరే వేగం కావాలి. వాళ్లలో గిటారు పట్టేవాళ్లూ ఉంటారు. వాళ్లకో మాట: తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఎంతసేపు సాగదీసినా విరగదు. డ్రమ్ సెట్టుకు డబ్బుల్లేవని ఆగకండి. ఒక స్నేర్, ఒక సింబల్, రెండు బ్రష్షులు చాలు. పక్కగది వాళ్లు గోడ కొట్టే అవసరం కూడా రాదు. తెలుగులో ఇలాంటి ఆల్బమ్ ఒకటి చెయ్యండి.