ప్రైమరు కూర్చోబెట్టే వేలి నేర్పు

తూటాలో ఉండేవి నాలుగే భాగాలు: ఇత్తడి గొట్టం, మందు, గుండు, గొట్టం అడుగున నడిమధ్య ఇమిడే ప్రైమరు. పేలాక మళ్లీ పనికొచ్చేది గొట్టం ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి మిగతా మూడూ కొత్తవి అమర్చుకోవడాన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో ఎందరో షూటర్లు ఇంట్లోనే చేసుకునే పని ఇది. అందులో పనివాడి చెయ్యి ఎంతటిదో తేలేది ప్రైమరు దగ్గరే.

చిన్నరకం ప్రైమరు వ్యాసం సుమారు 4.45 మిల్లీమీటర్లు. కందిపప్పు బద్దంత. అంతలోనే ఒక లోహపు గిన్నె, అందులో దెబ్బకు భగ్గుమనే మందు, దానిపైన కాళ్లున్న బుల్లి దాగలి. తుపాకీ పిన్ను గిన్నె వీపున కొట్టగానే మందు గిన్నెకూ దాగలికీ నడుమ నలిగి నిప్పవుతుంది. ఈ దాగలిని ప్రైమరులోనే పెట్టి, గొట్టం అడుగున నడుమ ఒకే రంధ్రం ఉంచిన పద్ధతి 1860లలో ఇంగ్లండు సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్‌ది. ఆ ఒక్క రంధ్రంలోంచి కడ్డీ దూర్చి పాత ప్రైమరును తేలిగ్గా తోసేయవచ్చు. రీలోడింగ్ ఇంటి పనిగా మారిందంటే ఆయన చలవే.

ప్రైమరు విలువ ఎంతటిదో మన మన్యం చరిత్రలోనూ కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. తుపాకులతోపాటు తూటాలూ ఎందుకు తీసుకెళ్లాలో ప్రైమరును చూస్తే అర్థమవుతుంది. సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు. ప్రైమరు మాత్రం కార్ఖానా నుంచి రావలసిందే.

ప్రైమరు గుంట అడుక్కి దిగి, దాగలి కాళ్లు నేలకు ఆని, ఆపైన ఇంకాస్త నొక్కుడు పడాలి. గొట్టం అడుగు మట్టం కంటే అంగుళంలో వెయ్యోవంతులు మూడు నుంచి అయిదు దాకా లోపలికి ఉంటే సరి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పైకి దిగినట్టే కనిపిస్తుంది, అడుగు అందదు. పిన్ను కొట్టిన దెబ్బ ప్రైమరును కిందికి తొయ్యడానికే ఖర్చయి తుపాకీ 'టిక్' మని ఊరుకుంటుంది. రెండో దెబ్బకు పేలుతుంది. అప్పుడు సరుకు మంచిది కాదని కంపెనీని తిడతారు! క్యాపు పెట్టి పేల్చే పాత తుపాకుల్లోనూ ఇదే తంతు: క్యాపు మొన మీదికి పూర్తిగా దిగకపోతే మొదటి దెబ్బ దాన్ని దించుతుంది, రెండోది పేలుస్తుంది.

పేలకపోవడం నయమే. మట్టం దాటి పైకి పొడుచుకొచ్చిన ప్రైమరు కొన్ని ఆటోమేటిక్ తుపాకుల్లో తలుపు పూర్తిగా మూసుకోకముందే పేలవచ్చు. అది కన్ను తీసే ప్రమాదం.

మంచి పనివాడు చేత్తో పట్టుకునే చిన్న పరికరాన్నే ఇష్టపడతాడు. బొటనవేలు మీట మీద ఉంటుంది కాబట్టి గుంటలో మసి మిగిలితే వేలికి తెలుస్తుంది. సైన్యం వాడిన గొట్టాల్లో గుంట అంచును లోపలికి ఒత్తి ఉంచుతారు. ఆ ఒత్తు తీయకుండా నెడితే ప్రైమరు నలుగుతుంది, లోపలి మందు పగులుతుంది. అసలు బిగువే లేకుండా జారిపోయిందా, ఆ గొట్టం ఆయుష్షు తీరినట్టే. వేలు ఇవన్నీ చెబుతుంటే బలం వాడడం మూర్ఖత్వం. పని అయ్యాక గొట్టాన్ని గాజుపలక మీద నిలబెట్టి చూస్తాడు. ఊగితే ప్రైమరు ఎత్తుగా ఉన్నట్టు. ఎంత చక్కటి పరీక్ష! ప్రైమర్లను వాటి డబ్బాలోనే ఉంచుతాడు, సీసాలో పోయడు. గుట్టగా పోస్తే ఒకటి పేలితే అన్నీ పేలతాయి. కళ్లద్దాలు లేకుండా బల్ల దగ్గర కూర్చోడు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. విదేశంలో ఈ పని నేర్చుకుంటున్న మనవాళ్లకు ఒక్క మాట: మందు, గుండు పెట్టేశాక ప్రైమరు ఎత్తుగా కనిపిస్తే మళ్లీ నొక్కవద్దు. ఆ తూటాను పక్కన పెట్టి, గుండు లాగి, మందు తీసేసి, మొదటినుంచి చేయండి.