కిన్నెర – కీర్తి – నిర్వృతి

కావ్యప్రయోజనములను గణించిన మమ్మటుడు కీర్తిని మొదటను, ధనమును దాని పిదపను నిలిపి, తత్‌క్షణమే కలుగు పరమనిర్వృతిని వానితో జేర్చెను. గానమునకును ఈ కొలత చెల్లును. మన తెలకపల్లికి చేరువనున్న లింగాల మండలములోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారి విషయమున ఈ మూడును ఎట్లు వేరుపడినవో పరిశీలింపదగియున్నది.

ఆయన వాద్యము పండ్రెండుమెట్ల కిన్నెర. వెదురుదండమునకు ఎండిన సొరకాయబుర్రలను కట్టి, తేనెమైనముతో మెట్లను నిలిపి దీనిని చేయుదురు. పండుగ సాయన్న, మియాసాబు మొదలగు పాలమూరు వీరుల కథలు దీనిపై పాడబడును. ఇందు రాగాలాపన విస్తారము లేదని శాస్త్రజ్ఞులు చప్పరింపవచ్చును. కాని కథాగానమున రాగము కథకు వాహనము. మాట యాగినచోట తంతి యందుకొనవలెను, తంతి తగ్గినచోట మాట నడువవలెను. కథ పెద్దలిచ్చినదే యైనను, ఎదుటివారి మనసెరిగి దానిని పెంచుటయు కుదించుటయు గాయకుని ప్రతిభ. దీనిని సృష్టి యనక వేరేమందుము?

కీర్తి ఆయనకు ముదిమిలో వచ్చినది. 2021లో ‘భీమ్లా నాయక్’ చలనచిత్రగీతముయొక్క ఆరంభమును ఆయన పాడగా దేశమంతయు వినెను. 2022లో పద్మశ్రీ లభించెను. రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయల పారితోషికమును ప్రకటించెను. 2024లోనో, ఆయన హైదరాబాదు చెంత తుర్కయంజాలులో కట్టడపు పనికి దినకూలిగా పోవుచున్నాడని పత్రికలు వ్రాసినవి. చదివినవారిలో కొందరు ఆయననే తప్పుపట్టిరి. కొందరు శ్రమకు సిగ్గుపడని పెద్దమనిషి యని మెచ్చుకొనిరి. ఈ రెండు మాటలును మన బాధ్యతను తప్పించుకొనుటకే పనికివచ్చును.

“కళాకారునకు గానమే శాంతి” యని మనము తరచుగా ననుచుందుము. ఆ మాట నిజమే. కాని అది పాడువాడు చెప్పిన నొప్పును, విన్నవాడు చెప్పిన నొప్పదు. పాట యున్నంతసేపు కలుగు నిర్వృతి వేరు, రేపటి కూటిని గూర్చిన నిశ్చింత వేరు. మొదటిది ఆయన మనకిచ్చుచున్నాడు. రెండవది మనమాయనకు ఈయవలసియున్నది. ఒక్కసారి వచ్చు పెద్దమొత్తము ఇంటి యక్కఱలకు కరగిపోవును. క్రమముగా వచ్చు వేతనమే మనసును నిలుపును.

ఇందు కులభేద మొకటి దాగియున్నది. కిన్నెరను తరతరములుగా కాపాడిన డక్కలివారిని మన సమాజము యాచకులనుగా లెక్కించెను. పెండ్లిలో సన్నాయిమేళమునకు ముందుగా బేరమాడి బయానా ఇచ్చెడి గృహస్థుడే, కిన్నెర విని చేటెడు బియ్యము పోసి దానమని పేరుపెట్టెను. అది దానము కాదు, తక్కువగా నిచ్చిన కూలి.

కావున చదువరులారా! మీ యింట శుభకార్యమైనప్పుడు కిన్నెరగాయకుని పిలువుడు. రుసుమును ముందుగానే నిర్ణయింపుడు. అందఱితోపాటు పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపుడు. పాఠశాలలలో పిల్లలకు ఆ వాద్యమును చేయుటయు వాయించుటయు నేర్పించి, నేర్పినవారికి జీతమిప్పింపుడు. బిరుదులు ప్రభుత్వము లీయవచ్చును. నిశ్చింతను ఈయవలసినది వినెడి మనమే.