హెలెన్ కెల్లర్ బాల్యస్మృతులలో చలనానందము

హెలెన్ కెల్లర్ 1903లో ప్రకటించిన ఆత్మకథను గూర్చి ప్రస్తావించువారు సామాన్యముగా నీటిపంపు ఘట్టముతోనే తృప్తి పడుదురు. పందొమ్మిదవ నెలలో వ్యాధివలన చూపును, వినికిడిని కోల్పోయిన బాలిక 1887 ఏప్రిలులో, ఒక చేతిపై నీరు పడుచుండగా, రెండవ చేతిలో గురువైన ఆన్ సలివన్ వ్రాసిన అక్షరములకు అర్థము గ్రహించుట మహాఘట్టమే. అయినను రచయిత్రిగా ఆమె శక్తిని నిర్ణయించుటకు అది చాలదు. ఆ బాలిక చెట్టెక్కిన పుటలు, మంచుపై జారిన పుటలు అంతకంటె నిశితముగా పరిశీలింపదగినవి.

దీనికి హేతువు కలదు. పదునొకండేండ్ల ప్రాయమున, 1891లో, ఆమె వ్రాసిన 'మంచురాజు' అను కథ మార్గరెట్ కాన్బీ కథను మిక్కిలిగా పోలియున్నదని తేలినది. ఆ కథను ఎన్నడో తన చేతిలో వ్రాసి తెలిపిన సంగతియే ఆమెకు జ్ఞప్తిలో లేదు. నాటినుండి తన మాటలు తనవో కావో అను శంక ఆమెను వెన్నాడినది. ఆమె రచనలోని వర్ణములు, కాంతులు గ్రంథములనుండి ఎరవు తెచ్చుకొన్నవని పిమ్మట విమర్శకులును ఆక్షేపించిరి. ఆక్షేపము నిరాధారము కాదు. (చకోరమును వర్ణించిన మన ప్రబంధకవులలో ఆ పక్షి వెన్నెల త్రాగుచుండగా చూచినవారెందరో!) కాని చలనమును చెప్పుచోట ఈ ఆక్షేపము నిలువదు.

అడవిచెర్రీ చెట్టుకొమ్మపై బాలిక ఒంటరిగా నున్నది. భోజనము తెచ్చుటకు సలివన్ ఇంటికి వెళ్లెను. ఆకాశము నల్లబడినదని ఆమె చెప్పును. అది తనకెట్లు తెలిసెనో కూడ చెప్పును: గాలిలోని వెచ్చదనము పోయినది, ఆమెకు వెలుగనగా వెచ్చదనమే. పిమ్మట నేలనుండి లేచిన వాసన, కొమ్మల ఊపు, ఏదో బరువైనది పడగా క్రిందినుండి తాను కూర్చున్న కొమ్మదాక ప్రాకివచ్చిన అదురు. ఈ వరుస ఏ గ్రంథమునుండియు రాజాలదు. దీనికి శరీరమే ప్రమాణము. మన ఆలంకారికులు స్వభావోక్తి యన్నది ఇట్టిదే.

ఆ భయము చాలకాలము నిలిచినది. తుదకు ఆమెను మరల చెట్టెక్కించినది మిమోసా పూల పరిమళము.

అట్లు భయపడిన పిల్లయే న్యూ ఇంగ్లండు శీతకాలములో టొబాగన్ అను మంచుబండి నెక్కినది. ఒక బాలుడు వెనుకనుండి త్రోయగా బండి గుంతలు దుముకుచు, మంచుమేటలను చీల్చుకొనుచు, గడ్డకట్టిన సరస్సుపై దూసుకొనిపోయి ఆవలిగట్టు చేరును. కొమ్మపై చలనము అడుగక వచ్చి మీదబడినది. ఇచ్చట ఆమె తానై దానికి ఒడలప్పగించినది. భయానందముల భేదమంతయు ఇందే యున్నదని నా అభిప్రాయము. వైకల్యమును మరచుటవలన కలిగిన ఆనందమని దీనిని వ్యాఖ్యానించుట సమంజసము కాదు. మరచుటకు అచ్చట సందర్భమే లేదు. వాలుపై జారు వేగము చెక్కిళ్లకు తగులు గాలివలన, ఒడలి కుదుపువలన తెలియును గాని అందులకు కన్ను చెవి యవసరము లేదు.

సరస్సు మెరయుచున్నదన్న విశేషణ మొక్కటి మాత్రము ఆ వర్ణనలో ఎరవు సొమ్ము. దానిని తీసివేసి చదివినను బండి వేగము తగ్గదు.